తంతికి తగలని కమాను

నాగావళి ఒడ్డున గోగులపేటలో, మూతపడిన పాత గోగునార గోదాంలో పిల్లలకు వయొలిన్ నేర్పే పరాంకుశం అనే మాస్టారు ఉండేవాడు. పిల్లలు ఏం వాయించినా అందులో తన గొప్పే వినబడాలనేది ఆయనకు పట్టిన జబ్బు.

మాస్టారు పని రానివాడు కాదు. ఎవరెవరి అరుగుల మీదో పడుకుని, గురువుగారింట్లో బట్టలుతికి, నీళ్ళు తోడి నేర్చుకున్న విద్య అది. అంత కష్టపడినవాడికి రెండు దారులుంటాయి. నేను పడ్డది ఈ పిల్లలు పడకూడదు అనుకోవచ్చు. పడి తీరాలి అనుకోవచ్చు. పరాంకుశం రెండో దారి పట్టాడు. అటువంటి పెద్దలు మన చుట్టూ చాలామందే ఉన్నారు. పైగా దాన్ని క్రమశిక్షణ అంటారు.

ఏటా వానలు వెనకబట్టాక పిల్లలంతా గోదాంలో వరసగా కూర్చుని, ఒకే పాట కలిసి వాయించి ఊరివాళ్ళకు వినిపించేవారు. ఆ ఏడు పట్నం నుంచి సంగీత సభ అధ్యక్షుడు స్వయంగా వస్తానని కబురు పెట్టాడు. ఆయన మెచ్చుకుంటే మాస్టారుకు పట్నంలో సన్మానం జరుగుతుంది. ఆ కబురు విన్నరోజే మాస్టారు తాను కట్టుకున్న ఒక పల్లవిని పిల్లల ముందు పెట్టాడు. ఏడక్షరాల తాళం. ముందు నెమ్మదిగా, తర్వాత దానికి రెట్టింపు, ఆ తర్వాత మళ్ళీ రెట్టింపు వేగం. ఆఖరి వేగంలో వేళ్ళు కంటికి ఆనకూడదు.

మృదంగం వాయించే కూర్మారావు ఒక చుట్టు వాయించి చేతులు దులుపుకున్నాడు. మాస్టారూ అతనూ చిన్నప్పటి నుంచి స్నేహితులు.

"ఇది ఎవరి కోసమయ్యా, పిల్లల కోసమా, నీ కోసమా?" అన్నాడు.

"పిల్లల కోసమే. ఏం?"

"నాకే తాళం తప్పుతోంది. వీళ్ళు నిన్నగాక మొన్న సరళీ స్వరాలు దాటారు. గంతులేసే పాట ఏదన్నా ఇవ్వరాదూ? వాళ్ళకీ సరదా, వినేవాళ్ళకీ సరదా."

"గంతులేసే పాట వినడానికి పట్నం నుంచి రావాలా? గంగిరెద్దులవాడు చాలు."

"గంగిరెద్దులవాడి చుట్టూ జనం ఉంటారు. నీ పల్లవి చుట్టూ నువ్వొక్కడివే ఉంటావు," అన్నాడు కూర్మారావు.

మాస్టారు వినలేదు. వారం తిరిగేసరికి గోదాం నిండా పిల్లుల కొట్లాట మొదలైంది. తంతుల మీద లాగే కమాను ఒకటి పైకి పోతుంటే పక్కది కిందికి వచ్చేది. ఆఖరి వరసలో వరహాలు అనే పదేళ్ళ పిల్ల ఉండేది. ఆ పిల్ల నవ్వితే వీధి చివరకు వినబడేది. పల్లవి మధ్యలో ఆమె కమాను దించేసింది.

"ఏమైంది?" అన్నాడు మాస్టారు.

"నా ఏలు ఆడికి ఎల్లేసరికి పాట ఎల్లిపోతంది మాస్టారండీ. దాన్ని కొంచెం ఆగమనండి," అంది వరహాలు.

పిల్లలందరూ ఫక్కున నవ్వారు. మాస్టారు ముఖం ఎర్రబడింది. అప్పుడు ఆయన నోటి నుంచి ఏ గురువూ అనకూడని మాట వచ్చింది.

"రాని చోట కమానును తంతికి తగలనీయకండి. ఆనీ ఆనకుండా గాలిలో ఆడించండి. చెయ్యి మాత్రం అందరితో సమానంగా కదలాలి. చూసేవాళ్ళకు తేడా తెలియకూడదు," అన్నాడు.

అంతకన్నా సులువైన పాఠం ఏముంటుంది? పిల్లలు వెంటనే పట్టుకున్నారు. ముందు కష్టమైన చోట కమాను లేపారు. తర్వాత అనుమానంగా ఉన్న చోట లేపారు. చివరికి ఎక్కడా దించడం మానేశారు. వాళ్ళ ఎదుట కూర్చుని మాస్టారొక్కడే గోడలు అదిరేలా పల్లవి వాయించేవాడు. పిల్లల కమాన్లు ఆయన కమానుతో పాటు చప్పుడు లేకుండా ఊగేవి.

ఒక మధ్యాహ్నం రేకుల మీద వాన పడుతోంది. చెయ్యి నొప్పి పుట్టి మాస్టారు వయొలిన్ ఒళ్ళో పెట్టుకున్నాడు. పల్లవి మాత్రం ఆగలేదు. ముందుకే సాగింది. రెట్టింపు వేగం అందుకుంది. మళ్ళీ రెట్టింపు అందుకుంది. ఒక్క స్వరం తప్పలేదు. మాస్టారు కళ్ళు మూసుకుని తల ఊపాడు. మొత్తానికి వచ్చేసింది అనుకున్నాడు.

కూర్మారావు మృదంగం ఆగిపోయింది.

"కళ్ళు తెరువు," అన్నాడు కూర్మారావు మెల్లగా.

మాస్టారు కళ్ళు తెరిచాడు. ప్రతి పిల్ల దగ్గరా కమానుకూ తంతికీ మధ్య వేలెడు సందు ఉంది. గోదాం దూలాల నుంచి ఎప్పుడూ రాలే గోగునార నూగు ఆ తంతుల మీద సన్నగా పేరుకుని ఉంది. అది చెదరనైనా లేదు. పిల్లలు రెప్ప వేయకుండా ఎదురుగా చూస్తున్నారు. వాళ్ళ మధ్య నుంచి పల్లవి మెరుపులా పోతోంది.

"ఎవరు వాయిస్తున్నారయ్యా?" అన్నాడు కూర్మారావు.

"పిల్లలు."

"కమాన్లు చూశావా?"

"చూశాను."

"చూసి?"

"బాగా వస్తోంది కదా. ఎలా వస్తే నీకెందుకు?" అన్నాడు మాస్టారు. ఆ మాట తప్పని ఆయనకు తెలుసు. అయినా అన్నాడు. కళ్ళతో చూసిన తప్పును నోటితో ఒప్పు చేయడం మనిషికి కొత్త కాదు.

కూర్మారావు మృదంగానికి గుడ్డ కప్పేశాడు. "కచేరీ నాడు వస్తాను. అంతవరకు నన్ను పిలవకు. నేను మనుషులకే పక్కవాద్యం వాయిస్తాను," అని వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తర్వాత వరహాలు తల్లి నూకాలు గోదాం గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మాస్టారు బాబూ, మా వరాలు నడుత్తుంటే పట్టీలు మోగట్నేదండి," అంది.

"పాతబడి ఉంటాయి."

"కొత్తయ్యే బాబూ. నాను కట్టుకుంటే మోగతన్నాయి. దాని కాలికి కడితే నేదు."

మాస్టారు తల తిప్పుకుని కమాను బిగించుకోసాగాడు.

"నిన్న తలుపు సందులో దాని ఏలు నలిగిందండి. నోరు తెరిసి ఏడిసింది. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారతన్నాయి. సప్పుడు మాత్రం నేదు. ఎదరే నిలబడ్డాను, నాకే ఇనబడనేదు. ఈదిలో అందరి పిల్లలూ ఇలాగే సన్నబడిపోతన్నారండి, గొంతులు. మాదానికి మరీను. మీ కాడ ఏటి నేర్పుతన్నారో నాకు తెల్దు. కాసింత చూడండి బాబూ."

మాస్టారు వరహాలును దగ్గరకు పిలిచాడు. "నీ పేరు చెప్పు," అన్నాడు. పిల్ల పెదాలు కదిలాయి. ఆయన వంగి చెవి ఆనించాడు. ఏటికి అవతలి గట్టు మీద ఎవరో ఎవరినో పిలుస్తున్నంత దూరంగా, పోగంత సన్నగా వినబడింది. పిల్ల ఆయన వంక చూసి నవ్వింది. ఆ నవ్వు నోటి మీద కనబడిందే గాని గాలిలో లేదు.

అక్కడే ఆపవలసింది. కాని రేపే అధ్యక్షుడు వస్తున్నాడు.

"రేపటి కచేరీ కానివ్వమ్మా. ఆ తర్వాత చూద్దాం," అన్నాడు మాస్టారు.

నూకాలు ఆయన్ని ఒక చూపు చూసింది. "రేపటికి ఏటన్నా మిగుల్తాదా బాబూ?" అని పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళింది. పిల్ల కాలి పట్టీలు ఊగుతూ వెళ్ళాయి, నిశ్శబ్దంగా.

మర్నాడు సాయంత్రం గోదాం కిటకిటలాడింది. అధ్యక్షుడు ముందు వరసలో కుర్చీలో కూర్చున్నాడు. పిల్లలు ఉతికిన బట్టలు వేసుకుని బొమ్మల్లా కూర్చున్నారు. కూర్మారావు మాట ప్రకారం వచ్చాడు గాని మృదంగం గుడ్డ తీయలేదు. మాస్టారు సైగ చేశాడు. కమాన్లన్నీ ఒక్కసారి లేచాయి. పల్లవి మొదలైంది.

"భేష్," అన్నాడు అధ్యక్షుడు. "ఇంత చిన్న ఊళ్ళో ఇంత విద్యా?"

మాస్టారు గుండె పొంగింది. గోడకు ఆనుకుని చెవి ఒగ్గి విన్నాడు. రెట్టింపు వేగం వచ్చింది. ఆఖరి వేగం వచ్చింది. అప్పుడు ఆయనకు ఒకటి వినబడింది. కుర్రతనంలో చాకిరేవు బండ మీద నలిగి ఆయన చిటికెన వేలు సరిగా వంగదు. అందుకని ఆయన ధైవత స్వరాన్ని నేరుగా అందుకోలేక, కింద నుంచి చిన్నగా జారుకుంటూ వెళతాడు. ఇంకెవరూ అలా వాయించరు. ఇప్పుడు ఆ వరసల్లోని ప్రతి వయొలిన్ నుంచీ ధైవతం సరిగ్గా అలాగే జారుతూ వస్తోంది. ఇన్ని వయొలిన్లలోనూ వాయిస్తున్నవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ తనే.

మాస్టారు పిల్లల వైపు చూశాడు. పల్లవి ఒక్కో చుట్టు తిరిగేకొద్దీ వాళ్ళ ముఖాలు పాలిపోతున్నాయి. వరహాలు రొమ్ము లేచి పడడం కూడా మందగించింది. పిల్ల ఆయన వైపే చూస్తూ నోరు తెరిచి ఏదో అంటోంది. జనంలో నూకాలు లేచి నిలబడింది. ఇంకొక్క చుట్టు తిరిగితే పల్లవి ముగుస్తుంది. జనం చప్పట్లు కొడతారు. అధ్యక్షుడు శాలువా కప్పుతాడు. ఆ చప్పట్లలో, పోగంత మిగిలిన ఆ గొంతు తెగిపోతే ఎవరికీ వినబడదు.

మాస్టారు ఆ చుట్టు తిరగనివ్వలేదు. పిల్లల మధ్య నుంచి పరుగున వెళ్ళి వరహాలు చేతి మీద తన చెయ్యి వేసి, కమానును తంతి మీదికి గట్టిగా నొక్కాడు. కీచుమంది. జనం చెవులు మూసుకున్నారు. పైన దూలాల్లో మోగుతున్న పల్లవి ఒక్క క్షణం తడబడి, మళ్ళీ కోపంగా అందుకుంది.

"ఇదేమిటండీ? చక్కగా సాగుతుంటే చెడగొడతారేం?" అన్నాడు అధ్యక్షుడు.

"అది వీళ్ళు వాయించేది కాదండి. నాది. వీళ్ళ గొంతులు నొక్కి వినిపిస్తున్నాను," అన్నాడు మాస్టారు. పిల్లల వైపు తిరిగాడు. "వేళ్ళు తీసెయ్యండి. ఒక్క వేలూ వద్దు. కమాను దించి తంతి మీద ఆనించండి. ఎడ్లబండి సంతకు పోతోంది అనుకోండి. లావు తంతి లాగండి, పక్క తంతి లాగండి. తప్పు పోతే పోనీ. కమాను లేపారంటే మాత్రం ఊరుకోను."

బరబరమని మొదటి చప్పుడు వచ్చింది. గతుకుల్లో పడ్డ బండిలాగే ఉంది. కూర్మారావు గుడ్డ లాగి పారేసి, ఎడ్ల నడకకు సరిపోయేలా మృదంగం అందుకున్నాడు. "హమ్మయ్య, ఇప్పుడు నాకు తాళం తెలుస్తోంది," అన్నాడు. ముందు వరస పిల్లలకు మాస్టారు మూడంటే మూడు స్వరాలు నోటితో పాడి చూపించాడు. బండివాడి కూనిరాగం అన్నాడు. మధ్య వరసను కమాను పక్కనపెట్టి తంతులు మీటమన్నాడు. అవి ఎడ్ల మెడలో గంటలన్నాడు. తంతుల మీది నూగు గుప్పున లేచింది. పిల్లలు తుమ్మారు. ఆ తుమ్ములు వినబడ్డాయి. జనం చేతులు వాటంతటవే తాళం వేశాయి.

పైన పల్లవి ఇంకా తిరుగుతూనే ఉంది. కింద చప్పుడు పెరిగేకొద్దీ అది సన్నబడింది. ధైవతం దగ్గర ఒకసారి జారి, మళ్ళీ లేవలేదు.

వరహాలు కమాను ఒకేసారి రెండు తంతుల మీద పడింది. గేదె అరిచినట్టు వచ్చింది. పిల్ల ఉలిక్కిపడి, పక్కపిల్లను చూసి, పెద్దగా నవ్వింది. ఆ నవ్వు గోదాం దాటి వీధి చివరకు వెళ్ళింది. నూకాలు నిలబడ్డచోటే కూలబడి, చెంగు ముఖాన కప్పుకుంది.

అధ్యక్షుడు శాలువా మడత విప్పకుండానే చంకన పెట్టుకుని లేచాడు. "ఇది సంగీతమే కాదు," అన్నాడు.

"ఔనండి, ఇది మా పిల్లలండి," అన్నాడు కూర్మారావు.

మర్నాడు మాస్టారు వయొలిన్ తీసి పల్లవి మొదలుపెట్టాడు. నెమ్మదిగా వాయిస్తే పలికింది. వేగం పెంచాడు. వేళ్ళు పరుగెత్తాయి, కమాను తంతిని ఒరుసుకుంటూనే ఉంది, కాని చప్పుడు రాలేదు. ఆ రోజే కాదు, ఆ వేగం ఆయనకు మళ్ళీ ఎప్పుడూ పలకలేదు. ఆయన దానికి ఏడవలేదని అంటే అబద్ధమవుతుంది. జీవితమంతా ధారపోసి సంపాదించుకున్నది అది.

కాని అప్పటి నుంచి పాట ఎంచే ముందు ఆయన ఒక్కొక్క పిల్ల ఎదుటా కూర్చుని ఏ వేలు ఎంతవరకు పోతుందో చూసేవాడు. ముదిరిన చేతులకు ఒక వరస, లేత చేతులకు ఇంకో వరస, నిన్న చేరినవాళ్ళకు వేలు పెట్టకుండా ఉత్త తంతులు లాగే పని ఇచ్చేవాడు. ఎక్కడో ఒకచోట అందరూ నవ్వుకునే చమత్కారం ఉండేలా చూసేవాడు. ఏడాదికి కాస్త చొప్పున పాట బరువు పెంచేవాడు. పాట పెరగడం పిల్లలకు తెలిసేది కాదు, తాము పెరగడం తెలిసేది. పట్నం వాళ్ళు మళ్ళీ రాలేదు. గోగులపేటలో మాత్రం కచేరీ నాడు ఊరంతా గోదాంలోనే ఉండేది, పొయ్యి వెలిగించే ఇల్లు ఉండేది కాదు.

నీతి: గురువు తన గొప్ప కోసం పాటను ఎంచితే పిల్లల గొంతు పోతుంది, పిల్లల చేతికి అందేదీ, మనసుకు నచ్చేదీ ఎంచితేనే వాళ్ళ గొంతు లోకానికి వినబడుతుంది.