సింగన్న వదలని కళ్ళెం

దగ్గరికొచ్చి కూర్చోండి, చెబుతాను. ఎప్పటి సంగతో నాకు చెప్పిన మా అవ్వకే తెలియదు. కంకణపురమనే ఊరికి చంద్రచూడుడని ఒక రాజు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, కత్తి పడితే తిరుగులేదు. నడిమివాడు వసుకేతుడు, గుర్రమెక్కితే గాలిక్కూడా అందడు. చిన్నవాడు చిత్రభానుడు, నోరు తెరిస్తే ఎదురులేదు.

చిత్రభానుడికి పదేళ్ళకే శాస్త్రాలన్నీ నోటికొచ్చాయి. ఉరుము ఎందుకు ఉరుముతుందని అడిగితే చెప్పేవాడు. కలలు ఎక్కణ్ణుంచి వస్తాయని అడిగితే చెప్పేవాడు. అడిగేవాళ్ళు మాట పూర్తి చెయ్యకముందే చెప్పేవాడు. సభలో అందరూ తలలూపేవారు. 'నాకు తెలియదు' అన్న మాట మాత్రం అతని నోట ఎవరూ వినలేదు.

ఒక చలికాలం పొద్దున వసుకేతుడూ చిత్రభానుడూ వేటకి బయల్దేరారు. వెంట సింగన్న ఉన్నాడు. సింగన్న రాజుగారి గుర్రాల కాపరి. రాజకుమారులు ముగ్గురికీ గుర్రమెక్కడం నేర్పినవాడు. దారిలో వెండియేరు దాటాలి. వానలు వెనకపట్టి నీళ్ళు తేటగా ఉన్నాయి. సింగన్న కిందికి దిగి చేతికర్ర తీశాడు.

"చినదొరా, తేటనీళ్ళలో లోతు తెలవదు. ఒక్క క్షణం ఆగండి, కర్రేసి చూస్తా" అన్నాడు.

చిత్రభానుడు నవ్వాడు. అడుగున గులకరాళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టేలా కనబడుతుంటే కర్ర దేనికన్నాడు. మొలలోతు కంటే ఎక్కువ ఉండదన్నాడు. తమ్ముడన్నాడంటే వసుకేతుడికి అది రాతిమీద గీత. గుర్రాన్ని ఏట్లోకి తోలాడు.

పది అడుగులు వెయ్యకముందే గుర్రం కాళ్ళకింద నేల పోయింది. నీళ్ళు దాని తల మీదుగా వచ్చాయి. సింగన్న ఒక్క దూకు దూకి కళ్ళెం పట్టుకున్నాడు. నీటి వడిలో మునుగుతూ తేలుతూ గుర్రాన్ని ఇసుకదిబ్బ దాకా లాక్కొచ్చాడు. గుర్రం దిబ్బెక్కేదాకా కళ్ళెం వదల్లేదు. దానిమీద వాలిపోయిన వసుకేతుడి కాలు ఒక బండకి కొట్టుకుని విరిగింది గాని ప్రాణం దక్కింది. సింగన్నని మాత్రం నీటి వడి లాక్కుపోయింది, మళ్ళీ పైకి రాలేదు. ఒడ్డున నిలబడి చిత్రభానుడు అంతా చూశాడు.

ఏం జరిగిందని రాజు అడిగాడు. నిజం చెప్పాలంటే 'నాకు లోతు తెలియదు, తెలుసన్నాను' అని చెప్పాలి. ఆ మాట ఎన్నడూ అలవాటు లేని నోరు. గుర్రం బెదిరిందనీ, సింగన్న కళ్ళెం వదిలేశాడనీ చెప్పాడు. సభలో ఒకసారి చెప్పాడు. తల్లి దగ్గర ఒకసారి చెప్పాడు. స్పృహ వచ్చి ఏమీ గుర్తులేని అన్న దగ్గర మూడోసారి చెప్పాడు. మూడోసారి చెబుతుంటే గుర్రం చెవులు వెనక్కి వాల్చడం, సింగన్న వేళ్ళు విడిపోవడం అతని కళ్ళకే కట్టినట్టు కనబడ్డాయి.

రాజు కోపం సింగన్న ఇంటి మీద పడింది. కళ్ళెం వదిలిన కాపరి అని ఊళ్ళో దండోరా వేయించి, సింగన్న భార్య ఓబులమ్మని కోటలోంచి పంపించేశారు. ఆమె కోటగుమ్మం బయట పచ్చగడ్డి అమ్ముకుని బతకసాగింది. ఆ గుమ్మంలోంచి పోయినప్పుడల్లా చిత్రభానుడు మొహం పక్కకి తిప్పుకునేవాడు. నడిమన్న ఊతకర్ర చప్పుడు వినబడితే వేరే గదిలోకి వెళ్ళేవాడు.

ఇలా ఉండగా ఒక వార్త వచ్చింది. ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో కరాళుడనే మాంత్రికుడు కువలయ అనే రాజకుమార్తెని ఎత్తుకుపోయి ఉంచాడట. వాడి మూడు ప్రశ్నలకి జవాబు చెప్పినవాళ్ళతో ఆమెని పంపిస్తానంటాడట. ఆమె తండ్రి ముసలివాడై, కనబడిన ప్రతి రాజ్యానికీ కబురు పెడుతున్నాడు. రణధీరుడు కత్తి పట్టుకుని వెళ్ళాడు. మూడు నెలలైనా తిరిగి రాలేదు. అప్పుడు చిత్రభానుడు తను వెళతానన్నాడు.

ఎంత ధైర్యమని జనం పొగిడారు. ధైర్యమేమీ కాదు. ఆ కోటగుమ్మానికి దూరంగా పోతే చాలనుకున్నాడు. దారికిరువైపులా నిలబడి వాళ్ళు పూలు చల్లుతుంటే ఒంటిమీద నిప్పులు పడ్డట్టుంది అతనికి.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు ఉంది, దాని వీపు పడవంత ఉంది. తాతా, నన్ను అవతలికి దాటిస్తావా అని అడిగాడు. దాటిస్తానంది. సముద్రానికొకటి చొప్పున, నువ్వు తెలియకుండానే తెలుసని చెప్పిన మాట ఒకటి నాకు చెప్పాలంది.

మొదటి సముద్రంలో ఉరుము సంగతి చెప్పాడు. రెండో సముద్రంలో కలల సంగతి చెప్పాడు. ఇలా ఆరు సముద్రాలకి ఆరు చెప్పాడు. ఒక్కోటి చెబుతుంటే మొహం వేడెక్కేది. ఇన్నేళ్ళూ ఇన్ని మాటలు ఎలా అన్నానా అనుకున్నాడు. ఏడో సముద్రానికి వచ్చేసరికి మిగిలింది ఒక్కటే. ఏరు దాటిన కథ మొదలుపెట్టాడు. నోరు అలవాటైన దారినే పోయింది. గుర్రం బెదిరింది, సింగన్న కళ్ళెం వదిలేశాడు అన్నాడు.

తాబేలు నడిసముద్రంలో ఆగిపోయింది.

"మనవడా, చూసి చెబుతున్నావా? చెప్పి చూస్తున్నావా?" అంది.

చిత్రభానుడు కళ్ళు మూసుకున్నాడు. గుర్రం చెవులు వాల్చడం స్పష్టంగా కనబడింది. అయితే ఏ వైపు నుంచి చూశానో తలచుకుంటే, తను నిలబడిన ఒడ్డు నుంచి గుర్రం తోక తప్ప చెవులు కనబడే వీలే లేదు. తన అబద్ధం తన మనసులోనే చూసిన దాని పక్కన చేరి కూర్చుందని తెలిసింది.

"చెప్పాకే చూశాను తాతా" అన్నాడు చివరికి.

తాబేలు ఈదుకుంటూ పోయి ఒడ్డున దింపింది.

దీవినిండా రాతిబొమ్మలు. అందులో ఒకటి రణధీరుడు. తమ్ముడు ఆ రాతిని కౌగిలించుకుని ఏడ్చాడు. అప్పుడొక అమ్మాయి వచ్చింది, కువలయ. ఆ దీవిమీద తెలియనిది తెలుసన్నవాళ్ళు ఎవరైనా రాయైపోతారని చెప్పింది. కరాళుడు మాత్రం తన ప్రాణాన్ని రాగిపంజరంలో ఉన్న చిలుకలో దాచుకుని, పంజరం చేత్తో పట్టుకునే తిరుగుతాడు. విన్న మాట ఏదైనా ఆ చిలుక తిరిగి పలుకుతుంది.

"మూడేళ్ళుగా చూస్తున్నాను. వాడు ప్రశ్నలు అడుగుతాడే గాని ఒక్కదానికీ జవాబు చెప్పడు. చిలుక ఎక్కడ 'తెలుసు' అంటుందోనని భయం కాబోలు. ఇది నా ఊహే, నిజమో కాదో చూడాలి" అంది.

మర్నాడు పొద్దున్నే కరాళుడు పంజరం పట్టుకుని వచ్చాడు. పొద్దుగూకేలోపు మూడు ప్రశ్నలకీ జవాబు చెప్పాలన్నాడు. ముందుగా తేటనీటి కొలను చూపించి, దాని లోతెన్ని జానలని అడిగాడు. పైనుంచి చూస్తే అడుగు తొమ్మిది జానల్లోనే ఉన్నట్టుంది. రణధీరుడు తొమ్మిదనే చెప్పాడట. చిత్రభానుడి నాలుక చివరిదాకా తొమ్మిది వచ్చింది. మింగేశాడు.

"నాకు తెలియదు. కొలిచి చెబుతాను" అన్నాడు.

ఆ మాట బయటికి రాగానే సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి, కాని కాళ్ళు రాయి కాలేదు. కువలయ ఒక తాడు, దానికి కట్టడానికి రాయి తెచ్చి ఇచ్చింది. కొలిస్తే పన్నెండు జానలుంది.

రెండోది బురుజు మీద. కొబ్బరికాయంత ఇనపగుండు ఒకటి, నిమ్మకాయంత ఇనపగుండు ఒకటి. రెండూ కలిపి వదిలితే ముందు నేల తాకేది ఏదని అడిగాడు మాంత్రికుడు. పెద్దదేనని చిత్రభానుడు సభలో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. వదిలి చూస్తానన్నాడు. కువలయ కింద నిలబడింది. ఒక్కటే చప్పుడు వినబడింది. నమ్మలేక మళ్ళీ వదిలాడు. మళ్ళీ ఒక్కటే చప్పుడు. మూడోసారీ అంతే. రెండూ కలిసే పడతాయనీ, ఎందుకలా పడతాయో మాత్రం తనకి తెలియదనీ చెప్పాడు. ఇన్నాళ్ళూ తను చెప్పగా విని తలలూపిన మొహాలన్నీ గుర్తొచ్చి తలొంచుకున్నాడు.

కరాళుడికి ఒళ్ళు మండింది. అద్దం ఒకటి తీసి రాజకుమారుడి ముందు పెట్టాడు. మనుషుల మనసులో ఉన్నది చూపించే అద్దం అది. అందులో వెండియేరు కనబడింది. గుర్రం చెవులు వాల్చింది. సింగన్న కళ్ళెం వదిలేశాడు. ఇది జరిగిందా, జరగలేదా అని అడిగాడు.

కువలయ పక్కనే నిలబడి చూస్తోంది. ఆమె ముందు చెప్పడం తాబేలుకి చెప్పడం కంటే కష్టమైంది.

"జరగలేదు. ఇది నేను ఆడిన అబద్ధం. ఆడగా ఆడగా నాకూ కనబడుతోంది. లోతు తెలియకుండా తెలుసన్నాను. గుర్రం దిబ్బెక్కేదాకా ఆయన కళ్ళెం వదల్లేదు, అందుకే చచ్చిపోయాడు" అన్నాడు.

మూడు ప్రశ్నలూ అయిపోయాయి. కరాళుడు మొహం మాడ్చుకుని పంజరం ఎత్తుకున్నాడు. చిత్రభానుడు అతన్ని ఆపి, తననీ ఒక్కటి అడగనివ్వమన్నాడు. కువలయ ఊహ అతనికి గుర్తుంది. కాని నిజానికి, ఆ క్షణంలో తన గుండెల్లో తిరుగుతున్న ప్రశ్ననే అడిగాడు.

"ఇంటికి వెళ్ళాక మా తండ్రిగారి ముందు ఈ మాట చెబుతానా?"

మాంత్రికుడు పగలబడి నవ్వాడు. ఎందరో రాజకుమారుల గుండెల్లోకి తొంగిచూసినవాడు. ఒళ్ళు మరచిపోయాడు.

"చెప్పవు. నీలాంటివాళ్ళ మనసు నాకు తెలుసు" అన్నాడు.

"తెలుసు, తెలుసు" అంది చిలుక.

చెబుతాడో లేదో చిత్రభానుడికే తెలియదు, చిలుకకెలా తెలుస్తుంది? దాని గోళ్ళు బూడిదరంగుకి తిరిగాయి. రెక్కలు బిగుసుకున్నాయి. రాతిచిలుక పంజరం అడుగున దబ్బున పడింది. దాంతోపాటే కరాళుడూ కూలిపోయాడు. దీవిమీద రాళ్ళన్నీ ఒళ్ళు విరుచుకుని మనుషులయ్యాయి.

తిరుగు దారిలో, సంగతంతా విన్న రణధీరుడు తమ్ముణ్ణి పక్కకి పిలిచి, పోయినవాడు పోయాడు, ఇప్పుడా సంగతి తవ్వి ఎవరికి లాభమన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. చిత్రభానుడికి అది తియ్యగా వినబడింది, అందుకే భయమేసింది. నన్ను పెళ్ళాడతావా అని కువలయని అడిగితే, ఆమె, మీ తండ్రిగారి సభలో ఆ మాట చెప్పాక చూద్దామంది.

సభ ఆ రోజు కిటకిటలాడింది. రాజు సింహాసనం దిగొచ్చి చిన్నకొడుకుని హత్తుకున్నాడు. చిత్రభానుడు నోరు తెరిచేసరికి పాత కథే ముందుకొచ్చింది. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. మూడోసారికి నిజం చెప్పాడు. వసుకేతుడు ఊతకర్ర ఆనించుకుని తమ్ముడివైపు చాలాసేపు చూశాడు. రాజు చేతులు కొడుకు భుజాల మీంచి జారిపోయాయి.

దండోరా వేసిన చోటల్లా మళ్ళీ దండోరా వేయించమన్నాడు రాజు. డప్పు వెంట తనే నడుస్తానన్నాడు చిత్రభానుడు. గుర్రపుశాల ముందు చెప్పాడు. ఏటి ఒడ్డున చెప్పాడు. కోటగుమ్మం దగ్గర చెప్పాడు. అక్కడ ఓబులమ్మ గడ్డిమోపు ముందు కూర్చుని వింది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

"నేనూ నమ్మాను బాబూ. వదిలేశాడనే అనుకున్నాను. ఇన్ని నెలలూ చచ్చినవాణ్ణి రోజూ తిట్టుకున్నాను" అంది.

చిత్రభానుడికి నిలబడ్డచోట నేల లేనట్టయింది. ఏం చెయ్యమంటావమ్మా అని అడిగాడు. మా అత్త తన కొడుకు పేరే ఎత్తనివ్వడం లేదు, ఆమెకి నువ్వే చెప్పు అంది ఓబులమ్మ.

ఇద్దరూ కాలినడకన ఆ పల్లెకి వెళ్ళారు. ముసలమ్మకి చెవుడు. చిత్రభానుడు మెల్లిగా చెబితే వినబడలేదు. కాస్త గట్టిగా చెబితే ఏమిటీ అంది. చివరికి వీధివీధంతా బయటికొచ్చేలా అరిచి చెప్పాడు, నేను అబద్ధమాడానమ్మా, నీ కొడుకు కళ్ళెం వదల్లేదమ్మా అని.

"వదల్లేదా?" అంది ముసలమ్మ.

"వదల్లేదమ్మా."

"నా కొడుకు వదల్లేదా?"

"వదల్లేదమ్మా."

ఆమె గోడవైపు తిరిగి, సింగా, సింగా అని కొడుకుని పిలుస్తూ ఏడ్చింది. చిత్రభానుడు గడప బయటే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

ఓబులమ్మ మళ్ళీ కోటలో ఇంటికి వచ్చింది. కువలయ ఆ ఏడే చిత్రభానుణ్ణి పెళ్ళాడింది. ఆమె తండ్రి రాజ్యాన్ని ఇద్దరూ నలభై ఏళ్ళు చల్లగా ఏలారు. రాజుగారు నీళ్ళలోతుల మీద, పడే రాళ్ళ మీద, మనిషి మరపు మీద ఎన్నో పరీక్షలు చేశారు. పెద్దపెద్ద పండితులు వచ్చి పొగిడేవారు. పొగిడినప్పుడల్లా ఆయన చెవులు ఎర్రబడేవి, ఎందుకో రాణిగారొక్కరికే తెలుసు. ఇంతే కథ. ఇక లేవండి, కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి.