పాలవాగుకు చుట్టు దారి

విరూపాక్షయ్యగారు శిష్యుల ప్రశ్నకు అడిగిన రోజున జవాబు చెప్పేవారు కారు. "నాలో పక్షపాతం పోయిందని నాకెలా తెలుస్తుంది?" అని వైకుంఠం అడిగినప్పుడూ విని ఊరుకున్నారు. ఆ ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. పాలవాగు అనే ఊళ్లో అన్నదమ్ముల నీటి తగాదాకు మర్నాడు తొలిసారిగా అతనే తీర్పు చెప్పాలి.

మర్నాడు వానకు బస్సులు రాలేదు. మార్కాపురం వెళ్లే నాంచారమ్మతో కలిసి గురుశిష్యులు తొమ్మిది వందలకు కారు మాట్లాడుకున్నారు. ఆమె కూతురు పురిటికి ఆసుపత్రిలో ఉంది. రక్తం ఎక్కించాలన్నారట. కొంగున కట్టుకున్న డబ్బంతా అందుకోసమే.

"అందరం కలిసే ఎక్కుతున్నాం గదా స్వామీ, సమానంగా ఏసుకుందాం," అందామె.

వైకుంఠం మెత్తగానే కాదన్నాడు. పాలవాగు సగం దారిలో ఉంది, తామిద్దరూ అక్కడే దిగిపోతారు. ఆపైన కారు నడిచేది ఆమె ఒక్కదాని కోసమే. "ఎవరు ఎంత దూరం పోతే అంత ఇవ్వడమే న్యాయం అమ్మా," అని లెక్క కట్టి, ఆమె వాటా ఆరు వందలని తేల్చాడు. లెక్కలో తప్పు లేదు. అంత బాగా లెక్కలు కట్టేవాళ్లకు ఎదుటివాళ్ల ముఖం చూసే తీరిక ఉండదు. నాంచారమ్మ కొంగుముడి ఒకసారి తడుముకుని సరేనంది.

కొంత దూరం పోయాక చూస్తే వాగు పొంగి రోడ్డు మునిగిపోయి ఉంది. డ్రైవరు కారు వెనక్కి తిప్పాడు.

"చుట్టు దారిన పోదాం. కిరాయి అదేలెండి. సగం దారిలో మార్కాపురం వస్తది, పాలవాగు ఆఖర్న," అన్నాడు.

వైకుంఠం వేళ్ల మీద మళ్లీ లెక్క కట్టుకున్నాడు. తర్వాత నాంచారమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, వాగు పొంగడం ఎవరి తప్పూ కాదు. అందరం కలిసే ఎక్కాం. సమానంగా వేసుకుందాం."

"అట్నే స్వామీ, నీ కడుపు సల్లగుండ," అంది నాంచారమ్మ. ఇవ్వాల్సినదాంట్లో సగం మిగిలిందని ఆమె నిజంగానే సంతోషించింది. ఆ సంతోషం చూసి వైకుంఠం సిగ్గుపడాల్సింది. అతను కూడా సంతోషించాడు.

ఆసుపత్రి ముందు ఆమె మూడు వందలు తీసిస్తే, గురువుగారు అందులో సగం తిరిగి ఆమె చేతిలోనే పెట్టారు. "ఇతను పొద్దున చెప్పిన న్యాయం ప్రకారం నీ వాటా ఇంతే తల్లీ. బిడ్డ దగ్గరికి వెళ్లు," అన్నారు.

పాలవాగు చేరేసరికి అన్నదమ్ములిద్దరూ రోడ్డుకు చెరో పక్కన నిలబడి ఎదురుచూస్తున్నారు. వైకుంఠం కారు దిగాడు గాని అడుగు ముందుకు వేయలేదు.

"వెళ్లు నాయనా, తీర్పు చెబుదువుగాని," అన్నారు గురువుగారు. "వాగు దగ్గర వెనక్కి తిరిగింది కారొక్కటేనా, అది మాత్రం చూసుకుని వెళ్లు."