తూగని రాకుమారుడు

వినండి పిల్లలూ! మన తాతల తాతలు కూడా పుట్టకముందు తామ్రగిరి రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. ఆయనకు ఒక్కగానొక్క కొడుకు సునందుడు. వాడెంత సన్నమంటే, గాలివాన మొదలైతే చాలు, దాసీలు పరుగెత్తుకెళ్ళి వాణ్ణి పట్టుకునేవాళ్ళు! తల్లి వైపు అందరూ సన్ననివాళ్ళే. అయినా రాజవైద్యులు ఊరుకుంటారా? ఒకాయన లేహ్యం నాకించాడు. ఇంకొకాయన గిన్నెడు నెయ్యి తాగించాడు. మూడో ఆయన మంచం దిగొద్దన్నాడు. లేహ్యానికి నాలుక పూసింది, నేతికి కడుపు పాడైంది, మంచానికి నడుం పట్టేసింది. ఒళ్ళు మాత్రం రాలేదు.

సునందుడికి మందారవల్లితో పెళ్ళి కుదిరింది. ముహూర్తం ఇంకా పెట్టనే లేదు, కరాళుడనే మాంత్రికుడు పిల్లను ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. పోతూ పోతూ కబురు పెట్టాడు.

"నా కోట వాకిట తక్కెడ ఉంది. ఒక తట్టలో ఇనుప రోలు పెట్టాను. ఆ పుల్లలాంటి పెళ్ళికొడుకు రెండో తట్టలో కూర్చుని రోలును లేపితే పిల్లనిస్తాను. నెలకోసారి, మూడుసార్లు కూర్చోవచ్చు. మూడోసారీ లేవకపోతే వాడు రాయైపోతాడు, పిల్ల నాదవుతుంది."

సునందుడు ఆ రాత్రంతా ఏడ్చి, తెల్లారగానే బయల్దేరాడు. సముద్రపు ఒడ్డున వలలో చిక్కిన ముసలి తాబేలు కనిపిస్తే వల కోసి విడిపించాడు.

"నా వీపెక్కు నాయనా, దాటిస్తాను. నువ్వసలు బరువే అనిపించవు" అంది తాబేలు.

"అదే కదా నా ఏడుపు!" అన్నాడు సునందుడు.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. కోట వాకిట సునందుడు తట్టలో కూర్చున్నాడు. రోలు ఉలకలేదు, పలకలేదు. కరాళుడు పగలబడి నవ్వి లోపలికి పోయాడు.

ఆ రోలు పక్కనే ఒక చిలుక ఉంది. దాని కాలి గొలుసు కొస రోలున్న తట్ట కింద నేలకు ఇరుక్కుని ఉంది.

"రోజూ ఏం తింటావబ్బాయ్?" అని అడిగింది చిలుక.

"రాజభోజనమే. ముప్పై రకాలు వడ్డిస్తారు."

"ఎన్ని ముద్దలు తింటావు?"

సునందుడు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "ఐదు. పండగనాడు ఆరు."

"అంతేనా?"

"నాన్నగారు లేచాక ఎవరూ విస్తట్లో చెయ్యి పెట్టకూడదు. అది మా ఇంటి ఆచారం. ఆయన యుద్ధాల్లో అలవాటై గబగబా తినేస్తారు. మిగతావాళ్ళు తర్వాత వంటింట్లోకి దూరి తింటారట. నాకది దొంగతనం అనిపిస్తుంది."

"ఓరి పిచ్చినాయనా! నీకు రోగం లేదు, గీగం లేదు. ఆకలి!"

సునందుడు నోరు తెరిచాడు. "నిజంగా నాలో ఏ లోపమూ లేదా?" అని మూడుసార్లు అడిగాడు. లేదు, లేదు, లేదంది చిలుక. ఇరవై ఏళ్ళ దిగులు దిగిపోయి వాడికి ప్రాణం లేచొచ్చింది.

"ఇంకో మాట. కరాళుడు తన ప్రాణం నాలో దాచాడు. ఈ రోలు వేలెడు లేస్తే నా గొలుసు ఊడుతుంది. వాడు నిన్ను చూసి నవ్వాడే గానీ, ఇది ఆలోచించలేదు" అంది చిలుక.

మేడ మీంచి ఇదంతా విన్న మందారవల్లి ఆ రోజు నుంచి కరాళుడి కళ్ళుగప్పి, కిటికీలోంచి తాడు కట్టి సున్నుండలు దించింది, అరటిపళ్ళు దించింది, గడ్డపెరుగు దించింది. "తొందరొద్దు. నాలాగా నిదానంగా, కొంచెం కొంచెం, రోజుకు ఆరుసార్లు తిను. తిన్నది ఒంటబట్టాలంటే రోజూ నన్ను ఎత్తి దించు" అంది తాబేలు. సునందుడు ఎత్తాడు, దించాడు, తిన్నాడు, హాయిగా నిద్రపోయాడు.

రెండో నెల రోలు కదిలి, మళ్ళీ కూలబడింది. మూడో నెల సునందుడు దేవుడికి దణ్ణం పెట్టుకుని కూర్చున్నాడు. రోలు కదిలింది, ఊగింది, వేలెడు లేచింది! గొలుసు ఊడి చిలుక ఎగిరింది.

"అయ్యో, నా ప్రాణం!" అని కరాళుడు నేలమీద పడి దొర్లాడు.

"నీ ప్రాణం నా దగ్గర భద్రంగా ఉంటుందిలే. బుద్ధిగా మసలుకో, చాలు" అంది చిలుక కొమ్మ మీంచి. వాడి మంత్రాలన్నీ ఆ క్షణమే మాయమైపోయాయి.

సునందుడు మందారవల్లితో తామ్రగిరి చేరాడు. పెళ్ళి జరిగింది, పంక్తి వేశారు. రాజుగారు అలవాటుగా గబగబా తినేసి లేవబోయారు.

"నాన్నగారూ, కూర్చోండి. నేనింకా తింటున్నాను."

పంక్తిలో అందరి చేతులూ విస్తట్లోనే ఆగిపోయాయి. రాజుగారు మొదటిసారి కొడుకు విస్తరి వైపు చూశారు. పప్పు, కూర, బూరెలు, అన్నీ దాదాపు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ఇరవై ఏళ్ళు నా పక్కనే ఆకలితో లేచావా నాయనా? ఒక్కనాడైనా చెప్పలేదేంరా?"

"ఆచారం కదా నాన్నగారూ."

రాజుగారి కళ్ళు నిండిపోయాయి. కూర్చుని, తన చేత్తో ముద్ద కలిపి కొడుకు చేతిలో పెట్టారు. అప్పుడు చివర్నుంచి ముసలి మంత్రి మెల్లగా అన్నాడు, "మహాప్రభూ, నాక్కూడా కాస్త పప్పు!" పంక్తంతా ఘొల్లున నవ్వింది.

సునందుడు లావెక్కలేదు. మేనమామల్లాగే సన్నగా, ఉక్కులా ఉండి మందారవల్లితో అరవై ఏళ్ళు రాజ్యమేలాడు. ఆ అరవై ఏళ్ళూ తామ్రగిరిలో విస్తరి ముందు నుంచి అందరికంటే చివర లేచింది రాజుగారే.