లంకలో పెరిగిన తొట్టి

అనగనగా గోదారి నడిమధ్యన ఒక లంక ఉండేదమ్మా. ఆ లంకలో అచ్చాయమ్మ అని ఒకావిడ, ఆవిడకో గేదె. గేదె పేరు నీలి. ఆ ఊళ్ళో అందరికీ అన్నీ తెలుసు. ఏమీ తెలియనిది అచ్చాయమ్మ ఒక్కతే. అందుకే ఆవిడ కథ చెప్పుకుంటున్నాం.

ఊరి మధ్యలో ముత్తాతల నాటి రాతి తొట్టి ఉండేది. గేదెలన్నీ అందులోనే కుడితి తాగాలి. తొట్టి అందుకున్నదే గేదె. అందుకోలేనిదాన్ని పడవెక్కించి సంతకు పంపేయాలి. అది ఆ ఊరి కట్టుబాటు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు కాబట్టి అందరికీ భయం.

పూర్వం గేదెలు తల వంచి తాగేవట. ఆ తర్వాత మెడ చాచి తాగాయి. ఇప్పుడేమో మూతి పైకెత్తి, ఆకాశంలో ఎవరినో పిలుస్తున్నట్టు తాగుతున్నాయి.

"రాయి పెరుగుతోంది," అని తేల్చాడు మునసబు భద్రయ్య. ఆయన తేల్చాక ఆలోచించే పని ఇంకెవరూ పెట్టుకోలేదు. తొట్టికి పసుపు రాసి బొట్టు పెట్టారు.

ఆ ఏడు నీలి చూడితో ఉంది. అన్నిటికంటే పొట్టిది. మూతి తొట్టి అంచుకు అందలేదు.

"ఈనేదాకా ఆగుతానే అచ్చాయమ్మా. ఆ తర్వాత దూడతో సహా పడవెక్కించెయ్," అన్నాడు మునసబు.

అచ్చాయమ్మ గుండెల్లో రాయి పడింది. ఆ రాయి కూడా పెరగడం మొదలుపెట్టింది.

అప్పుడు ఆవిడ తొట్టి పక్కన మట్టి దిబ్బ పోసింది. నీలి దిబ్బ ఎక్కి, తొట్టిలో పడింది. "గేదెకు తలంటు పోశావా వదినా?" అని అడిగింది పక్కింటి సూరమ్మ. సూరమ్మ మొగుడి ఒంటిమీద నీళ్ళు పడి ఎన్నాళ్ళయిందో ఊరంతటికీ తెలుసు. మనకెందుకులే.

ఆ తర్వాత అచ్చాయమ్మ తొట్టి అంచులదాకా కుడితి నింపింది. నీలి నాలుక చాలలేదు.

ఆ తర్వాత కొబ్బరికాయ కొట్టించి, "ఇంక పెరగకు తల్లీ," అని మొక్కుకుంది. తొట్టి పెరగలేదు, తరగనూ లేదు. పూజారిగారు కొబ్బరి చెక్కలు పట్టుకుపోయారు. ఆ లంకలో కంటికి కనబడేట్టు పెరుగుతున్నది ఆయన బొజ్జ ఒక్కటే.

అప్పుడు మునసబు, గేదె అంటే ఎట్లా ఉండాలో చూపిస్తానని అవతలి ఒడ్డునుంచి ఒకదాన్ని కొనుక్కొచ్చాడు. దాన్ని ఎక్కిస్తే పడవ ఒరిగిపోయింది. అది దర్జాగా తల వంచి తొట్టిలో తాగింది.

అచ్చాయమ్మకు ఏదో తోచింది. ఇంటికెళ్ళి, దూలానికి వేలాడే తోలుపట్టీ తెచ్చింది. అది ఆవిడ ముత్తవ్వ కాలంలో గేదె మెడకు కట్టినది. నీలి మెడకైతే రెండు చుట్లు తిరిగేది. కొత్త గేదె మెడకు సరిగ్గా సరిపోయింది.

"రాయి పెరిగిందంటే సరే. తోలుపట్టీ కూడా పెరుగుతుందా మునసబుగారూ?"

"నానితే తోలు సాగదూ?" అన్నాడాయన. అచ్చాయమ్మకు ఉన్న తికమక కూడా సాగింది.

ఆ తర్వాత ఎండలొచ్చాయి. లంకంటే ఎంతమ్మా, చుట్టూ నీళ్ళు, నడుమ గుప్పెడు గడ్డి. మునసబు గేదెకు ఆ గుప్పెడు ఏ మూలకూ చాలక, అది డొక్కలెండిపోయి నిలబడింది. నీలి ఆ గుప్పెడుతోనే కడుపు నింపుకుని, చక్కగా ఈనింది. దూడ మరీ పొట్టిది.

అచ్చాయమ్మ దూడను చూసింది, డొక్కలెండిన గేదెను చూసింది. తొట్టి దగ్గరికి పరుగెత్తింది.

"రాయి పెరగలేదండీ! గేదెలే తరిగాయి. ప్రతి ఎండాకాలం పెద్దవి మాడిపోయి, పొట్టివి మిగిలి, పొట్టి దూడల్ని ఈనుంటాయి. ఈ లంకలో ఉంటే ఏదైనా తరగాల్సిందే!"

అప్పుడే గడ్డివాము కిందనుంచి పందికొక్కు వచ్చింది. లంకలో పిల్లి లేదు, నక్క లేదు. కన్నంలో దూరి దాక్కునే పని తప్పాక, పందికొక్కులు తరతరానికీ ఇంతింత అవుతూ వచ్చాయి. ఇది వెనక కాళ్ళమీద లేచి, ముందు కాళ్ళు తొట్టి అంచున వేసి, గడగడా కుడితి తాగింది.

అచ్చాయమ్మకు తెలిసిన ఆ కాస్తా తెలియకుండా పోయింది. అదే లంక, అదే నీరు. గేదెనెందుకు తగ్గించిందో, పందికొక్కునెందుకు పెంచిందో! ఒక్కటి మాత్రం అర్థమైంది.

"తొట్టి అందుకున్నదే గేదె కదా మునసబుగారూ. మరి రేపు పొద్దున దీన్ని మీరు పితుకుతారా, నన్ను పితకమంటారా?"

మునసబు పందికొక్కును చూశాడు. పందికొక్కు మునసబును చూసింది.

ఆ సాయంత్రమే కట్టుబాటు మారింది. నీలికి పొట్టి తొట్టి పెట్టారు. లంక గడ్డి చాలని మునసబు గేదె సంతకు వెళ్ళింది. పడవ మళ్ళీ ఒరిగింది. నీలీ దూడా పక్కపక్కన తల వంచుకుని తాగాయి.

మునసబు మాత్రం పొట్టి తొట్టి పక్కన గుంజ పాతించి గీత గీయించాడు, అది ఎంత పెరుగుతుందో చూద్దామని. ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ చూస్తున్నారు.

కథేమో కంచి దారి పట్టింది,
నిద్రేమో మనింటి తలుపు తట్టింది.