రేవులో కల్లుముంత

తరంగపురి ఏలే చిత్రభాను మహారాజుకి ఓ పొద్దున పట్టరాని కోపం వచ్చింది. పడవల రేవులో పోలయ్య అనేవాడు పీకలదాకా తాగి, పట్టపుటేనుగు తొండం పట్టుకుని "మేనమామా!" అని బావురుమన్నాడట.

"మా రాజ్యంలో తాగనివాడే లేడా? ఈ తాగుడు మాన్పించే మొనగాడెవడు?" అని రాజు సభలో గర్జించాడు.

దండనాయకుడు రణభీముడు మీసం దువ్వి లేచాడు. "సిగ్గు పుట్టిస్తే చాలు ప్రభూ. వాళ్ళే మానేస్తారు."

మర్నాటి నుంచి వీధివీధినా దండోరా. "ఊరంతా తాగుబోతులే! సిగ్గు సిగ్గు!"

ఫలితం ఘనంగానే వచ్చింది. అంతవరకూ కల్లు వాసన ఎరగని కుర్రకారు, "అందరూ తాగుతున్నారట, మనమే వెనకబడ్డాం" అనుకుంటూ కల్లుపాక దారి పట్టారు. పాకవాడు దండోరావాడికి ఎదురొచ్చి మరీ దండం పెట్టాడు.

రణభీముడు తగ్గలేదు. "రోగమంతా రేవులో ఉంది ప్రభూ. కొత్త పడవ నీళ్ళలో దింపేనాడు మగవాడన్న ప్రతివాడూ ఒకే ముంత ఎత్తి కల్లు తాగాలట. అదీ వాళ్ళ ఆచారం! ఆ పడవవాళ్ళ పేటని పొలిమేర దాటించేద్దాం."

రాజు తలూపాడు.

రాజు వెనక నిలబడి తాంబూలం చుట్టిచ్చే కొమరన్న చేతిలో తమలపాకు నలిగిపోయింది. ఆ పేటలోనే ఉంది అతని సిరిగంగ, పడవలు నడిపించే పెద్ద సరంగు గురివయ్య కూతురు. వచ్చే మాఘంలోనే వాళ్ళ పెళ్ళి.

సాయంత్రం రేవుకి పరుగెత్తాడు. సిరిగంగ బట్టలుతుకుతోంది. ఏటి మీది ఎండ ఎగిరొచ్చి ఆమె బుగ్గ మీద వాలింది. కొమరన్న వచ్చిన పనే మరిచిపోయాడు.

"ఏం బావా, గుడ్లప్పగించావు? ఏరెప్పుడూ చూళ్ళేదా?"

ఉలిక్కిపడి సంగతి చెప్పాడు. సిరిగంగ మాసిన బట్టల్లోంచి ఓ కండువా తీసి అతని ముక్కు దగ్గర పెట్టింది.

"అబ్బ! కల్లు కంపు!"

"మా అయ్యది. మొన్న పడవ దింపిన్నాటిది. కంపు దీనికే, అయ్య నోటికి కాదు. ముంత ఎత్తుతాడు, పెదాలు బిగిస్తాడు, కారిందంతా కండువాకి తాగిస్తాడు. పేటలో ఆడవాళ్ళమంతా ఇలాంటి కండువాలే ఉతుకుతాం."

"మరి తాగనని చెప్పొచ్చుగా?"

"అమ్మో! మిగతావాళ్ళు నవ్వరూ?"

కొమరన్న పకపకా నవ్వాడు. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి ఏదో గుసగుసలాడుకున్నారు.

మర్నాడు సభలో కొమరన్న చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, పడవ పండగ ఒక్కసారి కళ్ళారా చూసి అప్పుడు తోలేయండి. వాళ్ళు తాగుబోతులని తేలితే కొలువొదిలి నేనూ వాళ్ళతోనే పోతాను."

"పెళ్ళికూతురి వెంట పోతానని చెప్పుకోలేక!" అన్నాడు రణభీముడు. సభ గొల్లుమంది.

పండగ రోజు రాజు రేవుకి వచ్చాడు. పడవకి పసుపు రాశారు, ముంత చేతులు మారడం మొదలైంది.

గురివయ్య ఎత్తి, "ఆహా, అమృతం!" అన్నాడు.

పక్కవాడు, "ఘాటు నషాళానికంటిందిరా!" అన్నాడు.

ఆ పక్కవాడైతే తూలి ఇసుకలో పడ్డాడు.

"చూశారా ప్రభూ!" అన్నాడు దండనాయకుడు.

"నువ్వూ రుచి చూసి చెప్పు. తాగుడులో నిన్ను మించినవాడు సేనలోనే లేడంటావుగా!" అన్నాడు రాజు.

రణభీముడు ముంత ఎత్తి మూతి తుడుచుకున్నాడు. "పాత కల్లు ప్రభూ. ఉత్తరపు తాటితోపుది. అబ్బో, తల తిరుగుతోంది!"

చివరికి ముంత పోలయ్యకి చేరింది. వాడు గటగటా తాగి, థూ అని ఉమ్మేశాడు.

"ఎవడ్రా ముంతకి కల్లు పూసి లోపల బియ్యం కడుగు పోసింది? ఇంతమంది తాగి ఒక్కడూ చెప్పడేం?"

రాజు వేలు ముంచి నాకి చూశాడు. "నిజమే! కడుగునీళ్ళే!"

పడవవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఒరే, అయితే నువ్వూ తాగవా?"

"నువ్వు తాగుతున్నావనే కదరా నేను నటించింది!"

"కొమరన్నా, ఏమిటీ విడ్డూరం?" అన్నాడు రాజు.

"ఊరంతా తాగదు ప్రభూ. ఊరంతా తాగుతుందని ఊరంతా అనుకుంటుంది. అంతే!"

రాజు దండనాయకుడి వైపు తిరిగాడు. "ఏ తోపుదన్నావు?"

రణభీముడి మీసం వాలిపోయింది. "క్షమించండి ప్రభూ. పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టలేదు. సైనికులు నవ్వుతారేమోనని..."

ఆడవాళ్ళ నవ్వులకి ఏటి కొంగలు లేచిపోయాయి.

పోలయ్యొక్కడే దిగాలుపడ్డాడు. "అయితే పేటకంతా తాగుబోతుని నేనొక్కణ్ణేనా? తోడు లేకుండా ఏం తాగుతాం!"

గురివయ్య వాడి భుజం తట్టాడు. "ఏటి సుడులు నీకు తెలిసినట్టు మా ఎవరికీ తెలీవురా. కొత్త పడవకి చుక్కాని నువ్వే పట్టు. ముంత మాత్రం పట్టకు."

"పేట ఎక్కడికీ కదలదు" అన్నాడు రాజు. "కొమరన్నా, నీకేం కావాలో కోరుకో!"

"దండనాయకులవారు ఇప్పుడన్న మాటే సేన ముందు కూడా అనాలి ప్రభూ."

"నవ్వుతారయ్యా బాబూ!" అన్నాడు రణభీముడు.

"ముందు నవ్వుతారండి. తర్వాత ఒక్కొక్కడే వచ్చి, 'అయ్యా, నేనూ అంతే' అని తమరి చెవిలో చెబుతాడు!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వి, మెడలోని ముత్యాలహారం తీసి కొమరన్న మెడలో వేశాడు.