మెతుకుతో అంటించిన సరస్సు

1968 ఆగస్టు 11, ఆదివారం. పొద్దున్న సన్నగా తుంపర పడి ఆగింది. తొమ్మిదింటికల్లా బందరు ఉక్కపోత మొదలైంది. ఆకు కదలలేదు. తేదీ ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందంటే, ఆ రోజు నా గొడుగు పరాంకుశం మాస్టారి అరుగు మీద మరిచిపోయాను. మళ్లీ దానికోసం వెళ్లడానికి నెల రోజులు మనసొప్పలేదు.

మాస్టారు కాలేజీలో తర్కం చెప్పి రిటైరయ్యారు. ఆదివారాలు మాలాంటి పాత శిష్యులకి అరుగు మీద పాఠం. తర్కం నాకు వంటబట్టలేదు, అది వేరే సంగతి. ఎవరేమడిగినా ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "ఏదీ, వస్తువు చూపించు" అనేవారు.

ఆ రోజు మాలో ఒకడైన వల్లభరావు అడిగాడు: "పంచడానికి వీల్లేని వస్తువంటూ ఉంటుందా, మాస్టారూ?"

ఆ ప్రశ్న వెనక తగువుంది. వాళ్లమ్మ పోయి నెలన్నర. అతని చెల్లెలు అలివేణి గుమ్మం పక్కనే నిలబడి ఉంది. ఎప్పుడో పోయిన వాళ్ల నాన్న, ముప్ఫై నాలుగేళ్ల కిందట ఒక జమీందారుగారికి కార్యదర్శిగా ఐరోపా వెళ్లి, అక్కణ్ణుంచి భార్య పేర ఒక కార్డు రాశారు. తగువంతా దాని మీది స్టాంపు కోసం. దేశం పేరు మరిచాను. స్టాంపు మీద ఉన్నది వందల ఏళ్లుగా అక్కడి రాజులు వేసవికి పోయే సరస్సుల ప్రాంతమట. రెండు వేళ్ల మధ్య పట్టే బొమ్మలో నీలంగా సరస్సు, ఒడ్డున మేడలు, ఒక పొగ పడవ, వెనక మంచు కొండ. నేనైతే కొల్లేరు తప్ప మరో సరస్సు చూడలేదు. వల్లభరావు ఆల్బంలో ఆ వరుస స్టాంపులన్నీ ఉన్నాయి, ఇదొక్కటే లేదు. అలివేణికి కార్డు కార్డుగా కావాలి. స్టాంపు ఊడదీయొద్దని అమ్మ చివరిదాకా చెప్పిందంటుంది. స్టాంపు నాకు, కార్డు దానికి, ఇందులో అన్యాయమేముందని అతని వాదన. మాస్టారు ఎలా అంటే అలా అని ఇద్దరూ ఒప్పుకునే వచ్చారు.

మాస్టారు కార్డు రెండు వైపులా చూసి, లోపల్నుంచి పళ్లెంలో నీళ్లు తెప్పించారు. "విడదియ్యి" అన్నారు. అలివేణి ముఖం పాలిపోయింది. నాకూ ఆయన మీద కోపం వచ్చింది.

వల్లభరావు ఇందులో చెయ్యి తిరిగినవాడు. కార్డు మూల మాత్రమే ముంచి, పావుగంట పడుతుందంటూ పట్టకారు తీశాడు. మాట పూర్తి కాకముందే స్టాంపు ఊడి నీళ్లలో తేలింది. దాని వెనక తెల్లగా ఏదో ఉబ్బి ఉంది. మాస్టారు వేలితో నలిపి చూశారు.

"ఆ దేశంలో స్టాంపులు అన్నం మెతుకుతో అంటిస్తారుటోయ్?"

అప్పుడు చూశాం. స్టాంపు ఉన్నచోట ఆవగింజలంత అక్షరాలు, మూడు వరుసలు, వాళ్ల నాన్న చేతిరాత. వల్లభరావు జేబులోంచి భూతద్దం తీసి వంగాడు. అక్షరాలు ఆనక అద్దాన్ని పైకీ కిందికీ జరిపాడు. సిరా అప్పటికే కదులుతోంది. అలివేణి వచ్చి దాని మీద అరచెయ్యి వేసేసింది.

"వద్దన్నయ్యా. అమ్మ చదువుకుని మూసింది."

చెయ్యి తియ్యవే, కరిగిపోతోందని అతను బతిమాలాడు. ఆమె తియ్యలేదు. తీసేసరికి కార్డు మీద నీలి మరక, ఆమె అరచేతిలో నీలి మరక.

స్టాంపు వల్లభరావుకి వచ్చింది. ఆ ఆల్బం అతను మళ్లీ నా ఎదుట తెరవలేదు. కార్డు అలివేణికి వెళ్లింది. నెల తర్వాత గొడుగు కోసం వెళ్లినప్పుడు మాస్టారితో నిష్ఠూరంగానే అన్నాను, ఒకరికి స్టాంపు, ఒకరికి కార్డు ఇచ్చి, ఆ మూడు వరుసలు మాత్రం ఎవరికీ దక్కకుండా చేశారని.

ఆయన గొడుగు దులిపి నా చేతికిచ్చారు.

"కార్డు మీద అడ్రసు ఎవరిదోయ్?" అన్నారు.