పంతులమ్మ గారి గంప

కోళ్లకి బడేంటి అని నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. తర్వాత ఈ కథలో నవ్వడానికి పెద్దగా చోటుండదు.

గడ్డివాముకీ పశువులపాకకీ మధ్య పెరట్లో రోజూ పొద్దున్నే ముప్పై పిల్లలు వరసగా నిలబడేవి. గింజ ఎలా ఏరుకోవాలి, గద్ద నీడ పడితే ఎటు పరిగెత్తాలి, ఇసకలో ఎలా పొర్లాలి, ఇవన్నీ చెప్పేది నూకరత్నం పంతులమ్మ. మచ్చల పెట్ట. మెత్తని గొంతు, నిదానమైన నడక. "మా బడిలో కొట్లాటలనేవి ఉండవండీ" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. చెప్పీ చెప్పీ తనే నమ్మేసింది.

ఆ బడికి కొత్తగా ముత్యాలు అనే పిల్ల వచ్చింది. తవుడమ్మ పెట్ట పొదిగిన తొమ్మిది గుడ్లలో మిగిలింది ఆ ఒక్కతే. పుట్టుకతోనే దానికి మెడ మీద ఈకల్లేవు. అది చూసి "బోడిమెడ" అని పేరు పెట్టినవాడు జెట్టి. జెట్టి అంటే మామూలోడు కాదు, బడి కమిటీ ప్రెసిడెంటు వీర్రాజు పుంజు గారి కొడుకు. వాడు ఏ పేరుతో పిలిస్తే తక్కిన పిల్లలూ అదే పేరుతో పిలిచాయి. ముత్యాలు ఇసకలోకి వస్తే అన్నీ లేచి అవతలికి పోయేవి. గింజల దగ్గర దాని పక్కన ఒక్కటీ నిలబడేది కాదు. నాలుగు రోజులు అలా అయ్యాక పొడవడం మొదలైంది.

తవుడమ్మ పిల్లని వెంటేసుకుని వచ్చింది.

"పంతులమ్మ గారూ, దీని మెడ ఒకసారి చూడండి. నాలుగు చోట్ల పొడిచారు."

"పిల్లలన్నాక పొడుచుకోరా తవుడమ్మా? నా చిన్నప్పుడు నన్ను పొడవలేదా? చచ్చిపోయానా?"

నిజమే, నూకరత్నాన్నీ పొడిచారు. తల వెనక చింతగింజంత బోడి మచ్చ ఉంది. రోజూ ఈకలు సర్దుకుని అది కనబడకుండా చూసుకుంటుంది. ఆ సంగతి ఎవరికీ తెలీదు.

రెండోసారి తవుడమ్మ వచ్చేసరికి ముత్యాలు రెక్క ఈడుస్తూ నడుస్తోంది.

"ఈసారి చాలా సీరియస్‌గా తీసుకుంటున్నాం" అంది నూకరత్నం. జెట్టినీ ముత్యాల్నీ పిలిచి పక్కపక్కన నిలబెట్టింది. "తప్పు ఎవరిదని నేను అడగను. ఇద్దరూ ఒకరికొకరు సారీ చెప్పుకోండి."

ముత్యాలు చెప్పింది. జెట్టి కాలితో ఇసక గీరుతూ నిలబడ్డాడు. అదే సారీ అనుకోమంది పంతులమ్మ.

మూడోసారి రక్తం వచ్చింది. కోళ్ల సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఒంటి మీద ఎర్రగా కనబడితే చాలు, అంతవరకూ ఊరుకున్నవి కూడా వచ్చి పడతాయి. ముప్పై పిల్లలూ ముత్యాల మీద పడ్డాయి. నూకరత్నం నిజంగానే భయపడింది. పరిగెత్తుకెళ్లి రెక్కలతో అదిలించి అన్నిటినీ చెదరగొట్టింది. ఆ పూట అది చేసిన మంచిపని అదొక్కటే.

గంట తిరక్కుండానే వీర్రాజు ప్రహరీ గోడెక్కి నిలబడ్డాడు.

"ఏం పంతులమ్మ గారూ, మావాణ్ణి రెక్కతో కొట్టారంట?"

"కొట్టలేదండి ప్రెసిడెంటు గారూ. అదిలించానంతే."

"రేపు తనిఖీకి పెద్దబాతు దొరగారు వస్తున్నారు. ముందు వరసలో మావాడుంటాడు. ఆ బోడిమెడ పిల్ల మాత్రం ఆయన కళ్లబడకూడదు. అర్థమైందిగా?"

అర్థమైంది. అర్థం కానట్టు ఉండే ధైర్యం నూకరత్నానికి లేదు.

మర్నాడు పొద్దున్నే బంట్రోతు గవరయ్యని పిలిచింది. గవరయ్య మేకపోతు, బడిలో ఎత్తడం దించడం అంతా వాడి కొమ్ముల మీదే. వెదురుగంప తెచ్చి గడ్డివాము నీడలో పెట్టాడు.

"రెండ్రోజులు ముత్యాలు ఈ గంప కింద ఉంటుంది తవుడమ్మా. దాని మంచికే. ఇక ఎవరూ పొడవలేరు."

"పొడిచినవాళ్లు బయట తిరుగుతారు, నా పిల్ల గంప కిందుంటుందా?"

"ముప్పై మందిని మూయడానికి ముప్పై గంపలు ఎక్కణ్ణించి తెమ్మంటావే?"

"ముప్పై ఎందుకండీ. ఒక్కటి చాలదా, ఒక్కడి మీద వెయ్యడానికి?"

నూకరత్నం వీర్రాజు ఎక్కే గోడ వైపు చూసింది. తవుడమ్మ పిల్లని అక్కడే వదిలేసి ఇంటిదారి పట్టింది. బడి మాన్పిస్తే గద్ద నీడ గురించి పిల్లకి ఎవరు చెబుతారు?

"పంతులమ్మ గారూ, నేనేం తప్పు చేశాను?" అంది ముత్యాలు గంప కిందికి దూరేముందు.

"తప్పేం లేదమ్మా. నువ్వు పడుకో. గవరయ్య చేత నీళ్లు పెట్టిస్తాను."

ఇంతలో పెద్దబాతు దొరగారు వచ్చేశారు. గవరయ్య గేటు దగ్గరికి పరిగెత్తాడు. నీళ్ల సంగతి అక్కడితో సరి.

దొరగారు వరసలు చూశారు. ముందు నిలబడ్డ జెట్టిని మెచ్చుకున్నారు. గంపలోంచి టపటపమని రెక్కల చప్పుడు వచ్చింది.

"ఏంటది?"

"ఒక పిల్లకి ఒంట్లో బాగోలేదండి. విశ్రాంతిగా పడుకోబెట్టాం."

పాకలో కట్టేసి ఉన్న ముసలి ఎద్దు సోమలింగం నెమరు వెయ్యడం ఆపింది. "పంతులమ్మా, నీడ జరిగిపోయింది" అంది.

నూకరత్నం విన్నది. తల తిప్పి చూసింది కూడా. పొద్దు పైకెక్కింది, వాము నీడ వెనక్కి తగ్గింది, గంప సగం ఎండలో ఉంది. జరపాలంటే గవరయ్యని పిలవాలి. గవరయ్య గంపెత్తితే రక్తం కట్టిన ఆ మెడ దొరగారికి కనబడుతుంది.

"ఒక్క నిమిషం, సోమలింగం మావా" అంది గొంతు తగ్గించి.

పిల్లలు పాట పాడాయి. దొరగారు రెండు మాటలు మాట్లాడతానని మొదలెట్టి చాలాసేపు మాట్లాడారు.

"పంతులమ్మా, గంపంతా ఎండలోకొచ్చేసింది. నా మెడకి తాడుంది. లేకపోతే నేనే తీసేద్దును."

"ఇదిగో, అయిపోయింది మావా. జెట్టి కూత ఒక్కటే మిగిలింది."

జెట్టి కూశాడు. అందరూ రెక్కలు కొట్టారు. గంపలో రెక్కల చప్పుడు ఆగిపోయింది. నిద్రపోయి ఉంటుంది అనుకుంది నూకరత్నం. అలా అనుకోకపోతే దానికి అక్కడ నిలబడడం కష్టం.

"ఇంత ప్రశాంతంగా ఉన్న బడి నేనెక్కడా చూళ్లేదు" అని దొరగారు వెళ్లిపోయారు. సాగనంపడానికి వీర్రాజుతో పాటు నూకరత్నమూ వీధి చివరిదాకా వెళ్లింది. వాళ్లు తిరిగి వచ్చేసరికి పిల్లని చూసుకోవడానికి వచ్చిన తవుడమ్మ గంప దగ్గర నిలబడి ఉంది.

గవరయ్య గంపెత్తాడు. ముత్యాలు ఒక పక్కకి ఒరిగి ఉంది. ముక్కు తెరిచే ఉంది. గాలి కోసం గంప సందులో ముక్కు పెట్టుకుని, అలాగే పోయింది.

తవుడమ్మ ఏడవలేదు. "మీరు చెప్పినట్టే అయింది పంతులమ్మ గారూ. ఎవరూ పొడవలేదు" అంది.

తర్వాత ముందుకొచ్చి నూకరత్నం తల మీద ఒక్క పోటు పొడిచింది. చచ్చిన పిల్లని అవతలికి లాక్కెళ్లి దాని పక్కన కూర్చుండిపోయింది.

నూకరత్నం తల వెనక ఈకలు చెదిరాయి. బోడి మచ్చ బయటపడింది. దాని మీద ఎర్రగా ఒక చుక్క కనబడింది.

ముందు చూసినవాడు జెట్టి. "పంతులమ్మకి తల బోడి" అన్నాడు. ఆ తర్వాత పొడిచాడు. వాడి వెనకాల తక్కిన పిల్లలన్నీ వచ్చాయి.

"ఆగండర్రా. నేను మీ పంతులమ్మని" అంటూ నూకరత్నం గోడ దగ్గరికి పరిగెత్తింది. "ప్రెసిడెంటు గారూ, మీవాణ్ణి ఆపండి. చంపేస్తున్నారు."

వీర్రాజు అప్పటికే గోడెక్కి ఈకలు దులుపుకుంటున్నాడు.

"పిల్లలన్నాక పొడుచుకోరా పంతులమ్మ గారూ? అయినా చాలా సీరియస్‌గా తీసుకుంటాం. ఒరే గవరయ్యా, ఆ గంప మళ్లీ అక్కడే వెయ్యి. రెండ్రోజులు దాని కింద ఉండండి. మీ మంచికే."

గవరయ్యకి చెప్పింది చెయ్యడమే అలవాటు. పంతులమ్మని అదే చోటికి తోసి గంప బోర్లించాడు.

లోపల ఇంకా వేడిగా ఉంది. కింద ముత్యాలు గీరుకున్న గుంట కాలికి తగిలింది. నూకరత్నం కాసేపు రెక్కలు కొట్టింది. కొట్టేకొద్దీ ఊపిరి ఆడలేదు. వెతుక్కుని అదే సందులో ముక్కు పెట్టింది.

"సోమలింగం మావా, నీడ ఎక్కడుంది?"

ఎద్దు తాడు సాగినంత మేర మెడ చాచి చూసింది.

"వాముకి అటు పక్కకి పోయిందమ్మా. ఈ పక్కకి మళ్లీ రేపు పొద్దున్నే వస్తుంది."

బయట జెట్టి ఇంకో పిల్లకి కొత్త పేరు పెడుతున్నాడు. అందరూ అదే పేరుతో పిలవడం నూకరత్నానికి వినబడుతూనే ఉంది.

నీతి: దెబ్బతిన్నవాణ్ణి దాచిపెట్టే బడిలో పాఠం వంటబట్టేది పొడిచేవాడికే.